ఒక వరస ఖాళీ

కుషిరోలో వేసవంతా మసక.
నవంబరు వచ్చాకే ఊరికి అంచులు కనబడతాయి.
ఆ నెలలోనే పురపాలక సంఘం వారు
మంచు తోడే సాయానికి దరఖాస్తులు తెరుస్తారు.
ఆ పేజీ కట్టింది నేనే.
ఒరికాసా, మూడో అంతస్తు, కిటికీ లేని గది.

నాకు క్రమం ఇష్టం.
గడి కింద గడి, పేరు కింద వీధి, వీధి కింద ఫోను,
వెంట్రుకవాసి ఎడం లేకుండా పేర్చాను,
డబ్బాలో చేపముక్కల్లా.
అంతా ఒక్క తెరలో ఇమిడిందని
మా సెక్షన్ పెద్ద మెచ్చుకున్నాడు కూడా.
తప్పులంటారా, ఎవరైనా చేస్తే అప్పుడు చూసుకుందాం,
ఎర్రటి వాక్యం ఒకటి ఎక్కడో ఓ చోట దూరుతుంది.

దూరింది.

కింద కౌంటర్ దగ్గర ప్రింటర్ బాగుచేయడానికి దిగినప్పుడు చూశాను.
ఎనభై దాటిన మనిషి, నుకాగా గారు,
చేతితొడుగులు విప్పి, మడిచి, టాబ్లెట్ పక్కన పెట్టుకున్నారు.
అంకె నొక్కిన ప్రతిసారీ
అది పడిందో లేదో కళ్లద్దాలు ఎత్తి చూసుకుంటున్నారు.
మా కీబోర్డులో అంకెలకి రెండు ఒళ్లు:
అక్షరమంత వెడల్పుగా నిలబడే మూడు,
పక్కకి ఒదిగి సగం చోటుతో సరిపెట్టుకునే మూడు.
విలువ ఒకటే. లావే తేడా.
ఆమె లావు మూడు కొట్టారు.
నా పేజీకి సన్న మూడు కావాలి.

"చెల్లని విలువ."

ఎర్ర వాక్యం ఫోను గడి కింద చొరబడింది.
దాని కిందివన్నీ ఒక మెట్టు దిగాయి,
రద్దీ బస్సులో ఒకరెక్కితే అందరూ జరిగినట్టు.
ఆమె వేలు అప్పటికే గాల్లో ఉంది,
"పంపు" అన్న బొత్తాం మీదికి దిగుతోంది.
వేలు దిగేలోపు బొత్తాం అక్కడ లేదు.
దాని పైన ఉండాల్సిన "అంతా చెరుపు"
ఆ చోటికి వచ్చి నిలబడింది.

పేరు పోయింది. వీధి పోయింది.
"నడుం నొప్పి, మెట్ల వరకు తోడితే చాలు" అని
ఎంతసేపు కూడబలుక్కుని రాశారో, ఆ మాటా పోయింది.

నుకాగా గారు తలవంచి
"క్షమించండి" అన్నారు.

తెరకి.

నేను ప్రింటర్ వెనక తీగ పట్టుకుని కూర్చున్నాను.
కాగితం ఇరుక్కుందని అబద్ధం చెప్పి ఇంకాసేపు కూర్చున్నాను.

ఆ రాత్రి ముందు చేసింది చిన్న పని:
లావు అంకె వస్తే సన్నం చేసుకోవడం యంత్రం వంతు.
నాలుగు వరసల కోడు.
ఆ నాలుగింటికి బద్ధకించి
ఊళ్లోని ముసలి వేళ్లన్నిటికీ
సన్నబడడం నేర్పబోయాను.
"అంతా చెరుపు" తీసేశాను. అదెందుకు పెట్టానో
ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.
అందరూ పెడతారు, పెట్టాను.

ప్రతి గడి కిందా ఒక వరస ఖాళీ వదిలాను.
తప్పు జరిగితే వాక్యం వచ్చి అక్కడ కూర్చుంటుంది,
జరక్కపోతే ఆ చోటు అలాగే ఉంటుంది.
ఎవరొచ్చినా ఎవరూ జరగనక్కర్లేదు.

పేజీ రెండో తెరలోకి జారింది.
సెక్షన్ పెద్ద కళ్లు చిట్లించాడు.
"పళ్లూడిన నోరులా ఉంది. ఈ సందులెందుకు?"
పీటలండీ, అన్నాను.
వేసి ఉంచాను. వచ్చేవాళ్లు వస్తారు.
ఆయనకి నచ్చలేదు. భోజనాల వేళ దాటిపోతోంది కనక
సంతకం పెట్టాడు.

వాక్యం మార్చడానికి మాత్రం మూడు రోజులు పట్టింది.
"చెల్లని విలువ" అని రాసిన చెయ్యి ఎవరిదో కాదు.
ఎదురుగా నిలబడి ఆ మనిషితో అనగలనా ఆ రెండు మాటలూ?
"ఫోను నంబరులో ఒక అంకె తగ్గినట్టుంది, మరోసారి చూస్తారా?"
పొడుగైంది. వదిలిన వరసలో పట్టలేదు.
ఒక మాట తీశాను. ఇంకోటి తీశాను.
"చూస్తారా" తీయబుద్ధి కాలేదు.

డిసెంబరు నాలుగు, తెల్లవారి ఐదూ నలభై.
రికార్డులో ఒక దరఖాస్తు.
ఫోను గడిలో ఒక తప్పు, తేదీలో రెండు,
ఏడు నిమిషాల తరవాత అన్నీ సరి.
పేరు నుకాగా.
నడుం నొప్పి, మెట్ల వరకు చాలు.
ఈసారి ఇంకో ముక్క:
పార ఇంట్లోనే ఉంది, పిడి కాస్త వదులు.

పిడి కాస్త వదులు.
నా పట్టికలో దానికి గడి లేదు.
పసుపు కాగితం మీద రాసి
మంచు తోడే కుర్రాళ్ల బల్లకి అంటించి వచ్చాను.